గేటు బయట పడుకున్న నాయనలు

స్కౌటు టీచరమ్మ చనిపోయిందని నాకు చెప్పింది మనిషి కాదు, ఫ్లెక్సీ. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో టీ అంగడి పైన కట్టారు. పొద్దున పనికి పోతూ చూశాను. రంగురంగుల పూల మధ్య ఆమె ఫొటో. ఫొటోలో నవ్వుతోంది. పళ్ళు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆమె పళ్ళు నేను చూడటం అదే మొదటిసారి. కింద 'మృదుభాషిణి, చిరునవ్వుల తల్లి' అని రాశారు. వేరే ఎవరో అనుకున్నాను. బండి ఆపి పేరు చదివాక ఆమే అని నమ్మకం కలిగింది.

అంత్యక్రియలయిన మర్నాడు సాయంత్రం బడిలో సంతాప సభ పెట్టారు. ఒకాయన మైకు పట్టుకుని, ఆమె జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నాడు. అదే మనిషిని ఆమె ఒక ఆగస్టు పదిహేను నాడు, జెండా ముడి జారిందని, బడి అంతా వింటుండగా, "నీకు లాగు బొందన్నా ముడేసేది వచ్చునా?" అని అడిగింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. సభలో ఉన్నవాళ్ళలో సగం మంది ఉన్నారు. అందరూ తల ఊపారు.

నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. సభలో నాకు నోరు రాదు. రాసి ఇస్తానన్నాను. నేను శిల్పశాలలో లెక్కలు రాసేవాణ్ణి. ఏ రాయి వచ్చింది, ఏ విగ్రహం పోయింది, ఎవరు పనికి వచ్చారు, ఎవరు రాలేదు, అంతే. బడిలో చదివింది తక్కువ. ఈ రాత పాత కాగితాలు చూసి నాకు నేనుగా నేర్చుకున్నది. అందులో పొగడ్తకు చోటు లేదు. కాబట్టి మొదటే చెబుతున్నాను. ఆమె అంటే నాకు పడదు. పోయిందని ఇప్పుడు పడటం మొదలవలేదు. చదివేవాళ్ళు అది మనసులో పెట్టుకుని చదవండి.

ఆడపిల్లల దళాన్ని గైడ్లు అనాలట, ఆమెను కెప్టెన్ అనాలట. మా ఊళ్ళో అందరికీ అది స్కౌటే, ఆమె స్కౌటు టీచరమ్మే. చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉండేది. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఆ దళంలో చేరింది. చేర్పించడానికి నేనే పోయాను. బడి గ్రౌండులో నీలం చీర, తెల్ల గుడ్డ బూట్లు వేసుకుని నిలబడి ఉంది. దగ్గరికి పోగానే చేయి చాపింది. ఎడమ చేయి.

నేను వెనక్కి జరిగాను. మా ఇళ్ళలో ఎడమ చేత్తో బిచ్చం కూడా వేయరు.

"ఎడమ చేయి ఇస్తాండావేంది టీచరమ్మా?" అన్నాను.

"స్కౌట్లల్లో ఇంతే భాయ్. గుండెకాయ ఈ పక్కన ఉంటాదని. నీకు యాడుందో నాకు తెల్దు."

అదీ మా మొదటి పరిచయం. నేను చేయి కలపలేదు. ఆమె చాపిన చేయి దించలేదు కూడా. అట్లాగే పెట్టుకుని మా అమ్మాయి వైపు తిప్పింది. మా అమ్మాయి నా ముఖం చూసి, తర్వాత తన ఎడమ చేయి ఇచ్చింది. నా ఎదురుగానే.

ఆమె సంచిలో ఎప్పుడూ ఒక తాడు ముక్క ఉండేది. మనం ఏదైనా అడగబోతే ఆ తాడు తీసి ముడి వేయడం మొదలుపెట్టేది. మన ముఖం చూసేది కాదు. ముడి పూర్తయితే మన మాట కూడా పూర్తయినట్టే. హెడ్మాస్టరు మాట్లాడుతున్నా అంతే. మాట ఇంకా సాగితే ముడి విప్పి మళ్ళీ వేసేది. ఆ పని చూస్తుంటే కోపం నెత్తికెక్కేది. వేరుశనక్కాయలు ఒలుచుకుని తినేది, పక్కవాళ్ళకు ఒక్కటి ఇచ్చేది కాదు. పిల్లలు స్కౌటు వందనం చేస్తే మూడు వేళ్ళూ సమంగా లేవని మళ్ళీ చేయించేది. వానలో కూడా చేయించేది. పిల్లలకు ఆమె అంటే భయం. కాని ఆదివారం పొద్దున్నే మా అమ్మాయిని లేపవలసిన పని లేకుండా పోయింది. దానికి కారణం నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

తొమ్మిదో తరగతిలో అయిదుగురు ఆడపిల్లలు రాష్ట్ర పురస్కారం పరీక్షకు అర్హులయ్యారు. ఆ సమీక్ష నంద్యాలలో జరుగుతుంది. పిల్లలు ముడులు వేయాలి, గాయాలకు కట్లు కట్టాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. వాటికంటే ముందు ఫైలు చూస్తారు. చేసిన సేవ, నడిచిన నడక, నేర్చుకున్న పని, రాత్రి బస, అన్నీ లాగ్ పుస్తకంలో రాసి ఉండాలి. పుట్టిన తేదీ పత్రం, తండ్రి అంగీకారం, హెడ్మాస్టరు ముద్ర, అన్నిటి మీద కెప్టెన్ సంతకం.

ఆ పురస్కారం ఉంటే పై చదువుకు సీటు దగ్గర కొంత ఆసరా అని బడిలో చెప్పారు. మా అమ్మాయికి నంద్యాలలో పాలిటెక్నిక్ చదవాలని కోరిక. చదివితే అక్కడే హాస్టల్లో ఉండాలి. మా ఇంట్లో ఆడపిల్ల ఎవరూ ఇల్లు విడిచి ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. మేనత్త ఇంట్లో కూడా. అమ్మాయి అడిగితే "చూద్దాంలే" అన్నాను. చూద్దాంలే అంటే మా ఇంట్లో వద్దనే అర్థం. అది అమ్మాయికీ తెలుసు. అయినా ఆ ఫైలు కోసం పగలూ రాత్రీ కూర్చునేది.

మిగతా తండ్రులు ఫైళ్ళ పని నా నెత్తిన పెట్టారు. నువ్వు లెక్కలు రాసేవాడివి, దస్తూరి బాగుంటుంది అన్నారు. పని నాకు కష్టం కాలేదు. శిల్పశాల బిల్లులు కుట్టే దారంతోనే కాగితాలు కుట్టాను. ఫొటోలు అతికించాను. అంతా వరసగా వచ్చింది. ఒక్క రాత్రి బస పేజీ దగ్గర ఆగిపోయింది.

రాత్రి బస అంటే పిల్లలు ఇల్లు విడిచి, గుడారం వేసుకుని, వండుకుని తిని, తెల్లవారే దాకా ఉండాలి. మా వైపు ఆ పేజీ ఎట్లా నిండుతుందో అందరికీ తెలుసు. సాయంత్రం గ్రౌండులో గుడారం వేస్తారు. పిల్లలను ముందు నిలబెట్టి ఫొటో తీస్తారు. పొద్దు గుంకే లోపల తండ్రులు బండ్లేసుకుని వచ్చి ఎవరి పిల్లను వాళ్ళు తీసుకుపోతారు. పొద్దున్నే మళ్ళీ దింపుతారు. నిద్ర లేచినట్టు ఇంకో ఫొటో. కెప్టెన్ సంతకం పెడుతుంది. ఇది తప్పని ఎవరూ అనుకోరు. ఆడపిల్లల విషయం కదా అంటారు. అడిగేవాడూ ఆడపిల్ల తండ్రే.

టీచరమ్మ సంతకం పెట్టనంది. పిల్లలు నిజంగా రాత్రి పండుకుంటే పెడతాను, లేకుంటే లేదంది.

అయిదుగురు తండ్రుల్లో ఒకాయన బోరు లారీ నడుపుతాడు. ఊరూరా తిరిగేవాడు, నోరు పెద్దది. ఆయన నంద్యాల పోయి, ఒక జిరాక్స్ అంగట్లో దొరికిందని, టైపు చేసిన రాత్రి బస నివేదిక తెచ్చాడు. పిల్ల పేరు, ఊరు పేరు రాసుకోవడానికి ఖాళీలు వదిలారు. మిగతాదంతా సిద్ధం. నాతో ఖాళీలు నింపించి, నన్ను వెంటబెట్టుకుని టీచరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

"చూడు టీచరమ్మా, ఎంత బాగా రాసినారో. నువ్వు కష్టపడే పన్లేదు. కింద ఒక్క సంతకం కొట్టు."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, గ్రౌండులో పిల్లలందరూ వినేటట్టు గట్టిగా చదివింది. "రాత్రంతా సముద్రపు గాలికి మా గుడారం రెపరెపలాడినది. అలల హోరు వింటూ మేము నిద్రించితిమి." చదవడం ఆపి ఆయన వైపు చూసింది. "ఆళ్లగడ్డలో సముద్రం యాడుందప్పా?"

పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. కోస్తా వైపు ఎవరో రాసుకున్నది అట్లాగే జిరాక్సులు అయి మా దాకా వచ్చినట్టుంది. ఊరి పేరు దగ్గర ఆళ్లగడ్డ అని నింపింది నేను. కింద చదవలేదు.

"సముద్రం కొట్టేసి చెరువని రాసుకుంటాంలే," అన్నాడు బోరాయన.

"నువ్వు బోరేసే చోట నీళ్ళు పడకపోతే పడినాయని రాసుకుంటావా?"

"రాసుకుంటే రైతు తంతాడు."

"ఈడ తన్నేది నేను." కాగితం మడిచి ఆయన జేబులో పెట్టింది. "పేపరు మీద ఏసిన గుడారానికి గాలి తగల్దప్పా. పో."

బోరాయన ముఖం నల్లబడింది. "నీకు బిడ్డల్లేరు టీచరమ్మా. అందుకే మా కష్టం నీకు తెల్దు," అన్నాడు. నాకు ఆ మాట బాగాలేదనిపించింది, కాని ఆపలేదు.

"లేరప్పా," అంది ఆమె, తాడు తీస్తూ. "అందుకే మీ బిడ్డలకు కావలి కాసేదానికి నాకు తీరుబాటు."

మేము హెడ్మాస్టరు దగ్గరికి పోయాం. అర్జీ నేనే రాశాను. ఆమె మొండితనం వల్ల పిల్లల భవిష్యత్తు చెడిపోతోందని రాశాను. హెడ్మాస్టరు ఆమెను పిలిపించాడు. అర్జీ చదివి, "దస్తూరి బాగుంది" అని తిరిగి నా చేతికే ఇచ్చింది. మేము అరిచాం. ఆమె అరవలేదు. ఆమె అరవకపోవడమే ఎక్కువ మండించింది. చివరికి బోరాయన కోపంతో, "సరే, మా పిల్లోళ్ళు పండుకుంటే మేమూ వచ్చి ఆడే పండుకుంటాం, ఏం చేస్తావో చెయ్," అన్నాడు.

"రాండి," అంది. "గేటు బయట."

అట్లా ఆ బస జరిగింది. బడి గ్రౌండులో పిల్లల గుడారం. గేటు బయట, మట్టి రోడ్డు పక్కన, అయిదుగురు నాయనలం గోనె పట్టలు పరచుకుని పడుకున్నాం. మా కులాలు వేరు, మతాలు వేరు. ఊళ్ళో ఎదురుపడితే తల పంకించి పోయేవాళ్ళం. ఆమెను తిట్టుకోవడంలో మాత్రం ఒక్కటయ్యాం. దోమలు తిన్నాయి. నాకు దుమ్ముకు దగ్గు వస్తుంది, శిల్పశాల దుమ్ము లోపల చేరి. దగ్గుతూనే ఉన్నాను.

తెల్లారి లోపలి నుంచి ఉప్మా వాసన వచ్చింది. పిల్లలే వండారు. బోరాయన గేటు చువ్వల్లోంచి చేయి పెట్టి, "రోంత మాకూ పెట్టమ్మా," అని తన కూతుర్నే అడిగాడు. టీచరమ్మ వచ్చి, "పిల్లోళ్ళకే సాలదు. హోటలు తెరిచినారు, పోండి," అంది. ఆయన చేయి బయటికి తీసుకుని నాతో, "ఈయమ్మ చచ్చినా నేను పోను భాయ్," అన్నాడు. మొన్న అంత్యక్రియలకు అందరికంటే ముందు వచ్చింది ఆయనే. నేను ఫ్లెక్సీ చూసి పనిలోకి పోయాక ఫోను చేసి నన్ను కూడా రమ్మన్నాడు. నేను పోయాను.

బస అయ్యాక ఎవరి నివేదిక వాళ్ళు సొంత మాటల్లో రాయాలంది. మా అమ్మాయి రాసిన పేజీ కుట్టడానికి నా దగ్గరికి వచ్చింది. అందులో ఇట్లా ఉంది: 'మా నాయనలు గేటు బయట పడుకున్నారు. మా నాయన దగ్గు వినపడుతూనే ఉంది. అందుకే నాకు భయం కాలేదు.' మిగతా నలుగురూ నాయనల సంగతి రాశారు. చదివి సంతోషపడాలో ఏమో తెలియలేదు. నంద్యాలలో ఇది చదివితే నవ్వుతారనిపించింది. ఆ వాక్యాలు తీసేయించమని టీచరమ్మను అడిగాను.

"ఏమిటికి?"

"బాగుండదు టీచరమ్మా. పరీక్ష పేపర్లో నా దగ్గు ఏమిటికి?"

"నువ్వు దగ్గినావా, లేదా?"

"దగ్గినాను."

"మరి?" అని సంతకం పెట్టేసింది.

సమీక్ష రోజు బోరాయనా నేనూ పిల్లలతో పాటు నంద్యాల బస్సెక్కాం. టీచరమ్మ ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరగలేదు. ఒక బడిలో బల్లలు వేసి సమీక్ష పెట్టారు. మా పిల్లలు ముడులు బాగా వేశారు. చేయి విరిగినట్టు నటించిన పిల్లకు కట్టు ఎంత బాగా కట్టారంటే, విప్పడానికి సమీక్ష చేసే పెద్దాయనకే చేతకాలేదు. ఆయన మంచివాడే. నవ్వుతూ ఫైళ్ళు తెరిచాడు. మేము కిటికీ బయట నిలబడి చూస్తున్నాం.

"మేడం, ఇదేంది? తండ్రులు గేటు బయట పండుకున్నారని రాసినారు?"

"పండుకున్నారు కాబట్టి," అంది టీచరమ్మ.

"రాత్రి బస అంటే పిల్లోళ్ళు ఇల్లు వదిలి సొంతంగా ఉండాల. ఇంటోళ్ళే కాపలా ఉంటే అది బస ఎట్లయితాది?"

"కాదు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "కాదంటే మరి నేనేం చెయ్యాల?"

"ఫెయిలు చెయ్యండి."

కిటికీ బయట బోరాయన నా భుజం పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఎందుకు మేడం? పిల్లోళ్ళు బాగా చేసినారు. ఈ ఒక్క పేజీ తీసి, అందరూ రాసే మాదిరి రాసి ఇయ్యండి. ఈడే కూర్చోని రాయమనండి. నేను చూసుకుంటాను."

ఆమె పిల్లల వైపు తిరిగింది. "సారు అడుగుతాండాడు. పేజీలు మీవి. మీరే చెప్పండి."

"చింపెయ్ బిడ్డా, చింపెయ్!" అని బోరాయన కిటికీలోంచి గట్టిగానే గుసగుసలాడాడు. ఆయన కూతురు తల దించుకుంది. అప్పుడు మా అమ్మాయి నోరు తెరిచింది. ఇంట్లో నా ఎదుట గట్టిగా మాట్లాడని పిల్ల.

"మా నాయన దగ్గు ఇనపడింది సార్. ఇనపడలేదని ఎట్ల రాయాల?"

పెద్దాయన ఫైళ్ళు మూసి పక్కన పెట్టాడు. వచ్చే ఏడు మళ్ళీ రమ్మన్నాడు. కిటికీకి ఆనుకున్న పక్క బల్ల మీద వేరే బడి ఫైలు తెరిచి ఉంది. తలకిందులుగా ఉన్న కాగితం చదవడం లెక్కలు రాసేవాళ్ళకు అలవాటే. 'సముద్రపు గాలికి మా గుడారం' అన్న మాటలు ఎవరో వేలు పెట్టి చూపించినట్టు కనిపించాయి. కింద పాసు చేసిన సంతకం పడి ఉంది.

బస్టాండులో బోరాయన అందరికీ వినపడేటట్టు తిట్టాడు. "సముద్రం ఉన్నోళ్ళంతా పాసు. నాయన ఉన్నోళ్ళంతా ఫెయిలు. ఇదేం న్యాయం భాయ్?" టీచరమ్మ వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. నేను అప్పటిదాకా ఆమెతో గట్టిగా మాట్లాడింది లేదు. ఆ రోజు మాట్లాడాను.

"ఆయప్ప పాసు చేస్తానన్నాడు గదా. ఫెయిలు చెయ్యమని నువ్వే అడుగుతావా?"

"ఆయప్ప చెప్పిన రూలు తప్పా?"

నేను బస్సు బోర్డుల వైపు చూశాను.

"తప్పు కాదు గదా. మీరు ఆడ పండుకున్నారు. బస కాలేదు. మళ్ళా చేద్దాం." పొట్టు చేతిలోంచి ఊదేసింది. "పిల్లోళ్ళు మంచిగ చెప్పినారు," అని బస్సు వైపు పోయింది. పిల్లలను ఆమె మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. అది కూడా వాళ్ళకు వినపడకుండా అంది.

ఆ ఏడంతా ఆమె ఎదురొస్తే నేను రోడ్డు ఆ పక్కకు పోయేవాణ్ణి. ఆమె గమనించినట్టు కూడా కనపడేది కాదు. మా అమ్మాయి పదో తరగతికి వచ్చింది. బడిలో అదే ఆఖరి ఏడు. ఈసారి పోతే ఆ పురస్కారం ఇక లేదు. నంద్యాల సంగతి అమ్మాయి ఎత్తడం మానేసింది. అడగనప్పుడు చూద్దాంలే అనడానికి కూడా వీలుండదు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ శిల్పశాలకు వచ్చింది. వెనక బోరాయన గొణుక్కుంటూ వచ్చాడు. సగం చెక్కిన వినాయకుడికీ, తల ఇంకా పెట్టని ఒక నాయకుడి విగ్రహానికీ మధ్య నిలబడి, చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. ఆమె చేతి రాత. 'మా అమ్మాయి రాత్రి బసలో ఉన్నప్పుడు నేను ఆ చుట్టుపక్కలకు రాను. ఎవరినీ పంపను. ఫోను చేయను.' కింద సంతకానికి చోటు.

"ఇదేంది టీచరమ్మా?"

"తెలుగే గదా. చదువు."

"పంపిస్తానని రాసిస్తారు గానీ, రానని ఎవరన్నా రాసిస్తారా?"

"పంపేది పోయినేడు పంపినారు. వచ్చింది ఎవరు?"

"నాకూ ఇదే ఇచ్చింది భాయ్," అన్నాడు బోరాయన. "నా బిడ్డ దగ్గరికి నేను పోకుండా నాతోనే సంతకం. పోలీసోళ్ళు కూడా ఇట్ల రాయించుకోరు."

ఈసారి బస బడిలో కాదంది. ఊరి బయట, నంద్యాల రోడ్డుకు కొంచెం లోపల, పాత విత్తనాల గోదాము ఆవరణలో. చుట్టూ జొన్న చేలు.

"ఏమన్నా అయితే?" అని అడిగాను.

నేను ఆమె నోటి నుంచి ధైర్యం కోసం చూశాను. వేరే ఎవరైనా, ఏం కాదు భాయ్, నేనున్నా గదా అనేవాళ్ళు. ఆమె అనలేదు.

"ఏమయితాదో నాకూ తెల్దు. ఏం కాదని చెప్పేవాళ్ళు ఊర్లో శానామంది ఉండారు. వాళ్ళ దగ్గరికి పోయి అడుగు." కాగితం వైపు చూపించింది. "రేపు పొద్దున పిల్లతో పంపు. లేదంటే తీసి పారెయ్."

కాగితం ఇంటికి తెచ్చాను. అన్నం తిన్నాక కూడా దాన్ని చూస్తూ కూర్చున్నాను. మా ఆమె గిన్నెలు గట్టిగా సర్దింది. అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సంతకం పెట్టొద్దులే నాయనా," అంది. "నువ్వు రాకుండా ఉండలేవు. నువ్వొస్తే నేను మళ్ళా రాయాల్సొస్తాది."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నాలుగు కేకలు వేసి ఊరుకునేవాణ్ణి. ఆ పిల్ల ఆ మాటను నా మీద జాలితో అంది. తన పరీక్ష పోయినా సరే, నా చేత అబద్ధం రాయించకూడదని అంది. నేను కలం తీసి సంతకం పెట్టాను. నా చేతి రాత ఎప్పుడూ సమంగా ఉంటుంది. ఆ సంతకం మాత్రం గీత దిగి కిందికి పోయింది.

ఆ ఏడు నంద్యాలలో అయిదుగురూ పాసయ్యారు. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరింది, హాస్టల్లో ఉండి చదివింది. సీటు ఆ పురస్కారం వల్లే వచ్చిందో, మార్కుల వల్లే వచ్చిందో నాకు తెలియదు. పంపింది మాత్రం నేను. అమ్మాయి మళ్ళీ అడగకముందే పంపాను. ఇప్పుడు డోన్‌లో ఉద్యోగం చేస్తోంది. కొన్ని వారాలు రాత్రి డ్యూటీ పడుతుంది. నేను ఫోను చేయను. పొద్దున తనే చేస్తుంది.

పాసైన రోజు మా ఆమె టీచరమ్మకు లడ్లు పంపింది. "చక్కెర జబ్బుందని తెల్దా? పోయి పంచుకోండి," అని తలుపు దగ్గరి నుంచే తిప్పి పంపింది. ఆఖరి రోజుల్లో ఆమె నంద్యాల ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా అమ్మాయి డోన్ నుంచి పోయి చూసి వచ్చింది. ఏమందని అడిగాను. "ఏం లేదు నాయనా. బూట్లు ఏంది ఇంత మురికిగ ఉండాయి అన్నింది," అని చెప్పి, అమ్మాయి ఫోను పెట్టేసింది.

ఆమె వల్ల మా ఇంటికి మేలు జరిగింది. అది రాయకపోతే రాత తప్పు అవుతుంది. ఆమె మాట, ఆమె చూపు, ఆమె తీరు నాకు పడలేదు. అది రాయకపోయినా తప్పే. సభలో మృదుభాషిణి అని చప్పట్లు కొట్టినవాళ్ళు ఆమెను ఇంకోసారి పాతిపెట్టారు. ఆమె బతికుండి ఆ ఫ్లెక్సీ చూసి ఉంటే టీ అంగడి పైకి ఎక్కి తనే చింపేది.

ఒక్క సంగతి మిగిలింది. రెండో బస రోజు సాయంత్రం సంగతి. పాసు గురించి ముందే చెప్పేశాను కాబట్టి దీనికి ఇప్పుడు తొందర లేదు.

సంతకం పెట్టిన మనిషిని, ఇంట్లో ఉండాలి. సాయంత్రం అసర్ నమాజు చదువుకుని వచ్చి కూర్చున్నాను. కుదరలేదు. బండి తీసి నంద్యాల రోడ్డు పట్టాను. గోదాము మలుపు దగ్గర కల్వర్టు ఉంది. అక్కడ రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు ట్రాలీ ఆపి ఉంది. దాని చాటున బోరాయన నిలబడి ఉన్నాడు.

"యాడికి భాయ్?" అన్నాడు, నన్ను పట్టుకున్నట్టు.

"ఊరికే. పెట్రోలు కొట్టిద్దామని."

"బంకు ఆ పక్క గదా ఉండేది."

"నువ్వెందుకొచ్చినావ్?"

"గాలికి."

ఇద్దరం ట్రాలీ చాటున నిలబడ్డాం. ట్రాలీ దాటి గోదాము దారిలో పడాలంటే పది అడుగులు. ఎవరం కదలలేదు. అక్కడి నుంచి గోదాము గేటు కనిపిస్తుంది. పొద్దు గుంకుతోంది. లోపల పిల్లలు పొయ్యి రాజేశారు, పొగ జొన్న చేల మీదికి పోతోంది. ఎవరిదో నవ్వు, గిన్నె కింద పడిన చప్పుడు, మళ్ళీ నవ్వు. అందులో మా అమ్మాయిది ఏదో నాకు తెలిసింది.

గేటు బయట, దారికి అడ్డంగా, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీచరమ్మ కూర్చుని ఉంది. చేతిలో వెదురు కర్ర. లోపల అంత సందడి జరుగుతున్నా తల తిప్పి చూడలేదు. చేయి కనుబొమల మీద పెట్టుకుని, ఊరి నుంచి వచ్చే రోడ్డు వైపే చూస్తోంది. పిల్లల నవ్వులు ఆమె వీపు వెనక. ఆమె ముఖం మా వైపు.